'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అని వస్తోందా? కొత్త బాక్స్ కొనేముందు ఈ పని చేసి చూడండి

షాపులో బిల్లు కొడుతుంటారు. మధ్యలో స్క్రీన్ మీద ఒక లైను వస్తుంది: 'డేటాబేస్ ఈజ్ లాక్డ్'. ఓకే నొక్కి మళ్ళీ కొడితే బిల్లు వచ్చేస్తుంది. పని జరిగిపోయింది కదా అని అందరూ వదిలేస్తారు. రోజుకి ఒకసారి వచ్చేది పదిసార్లు రావడం మొదలయ్యాక మాత్రం, "సిస్టం పాతదైపోయింది, ర్యామ్ సరిపోవట్లేదు, కొత్తది కొందాం" అన్న మాట వస్తుంది.

ముందే చెప్పేస్తున్నా. ఈ ఎర్రర్‌కి ర్యామ్‌తో సంబంధం చాలా తక్కువ. ప్రాసెసర్ పాతదైనందుకూ ఇది రాదు. ఒకే ఫైల్‌లో రాయడానికి ఇద్దరు ముగ్గురు ఒకేసారి వచ్చినప్పుడు, లెక్క పాడవకుండా ఆపే తాళం ఇది. తాళం తన పని తాను చేస్తోంది. మనం కనుక్కోవాల్సింది ఒక్కటే: తాళంచెవి ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉండిపోతోంది?

ఈ ఆర్టికల్‌లో అది ఎలా కనుక్కోవాలో, ఏ వరుసలో సరిచేయాలో, ఏ పనులు అస్సలు చేయకూడదో చూద్దాం. యాప్‌లు రాసేవాళ్ళకి పనికొచ్చే సెట్టింగ్‌లున్నాయి, వాడేవాళ్ళకి పనికొచ్చే జాగ్రత్తలూ ఉన్నాయి.

మీ ఫోన్‌లో కూడా ఉంది ఇది

ఈ మెసేజ్ ఎక్కువగా వచ్చేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ నుంచి. పేరు వినకపోయినా మీరు రోజూ వాడుతున్నారు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో అదే ఉంటుంది. వాట్సాప్ చాట్లు ఫోన్‌లో దాచుకునేది కూడా ఎస్‌క్యూలైట్ ఫైల్‌లోనే. ప్రపంచంలో లక్ష కోట్లకు పైగా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లు వాడకంలో ఉండొచ్చని దాన్ని తయారుచేసేవాళ్ళ అంచనా.

దీన్ని రాసింది డి. రిచర్డ్ హిప్. మొదటి వెర్షన్ 2000 ఆగస్టులో వచ్చింది. పుట్టుక కథ కూడా ఆసక్తిగానే ఉంటుంది. అప్పట్లో ఆయన అమెరికా నేవీ యుద్ధనౌక యూఎస్ఎస్ ఆస్కార్ ఆస్టిన్ కోసం ఒక సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. వెనకాల ఇన్‌ఫార్మిక్స్ డేటాబేస్ సర్వర్ ఉండేది. ఆ సర్వర్ ఆగిపోతే ఆయన ప్రోగ్రామ్ 'డేటాబేస్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాం' అని చూపించేది. తప్పు సర్వర్‌ది, తిట్లు మాత్రం స్క్రీన్ మీద ఆ మెసేజ్ చూపించిన ప్రోగ్రామ్‌కి. అసలు సర్వర్ అన్నదే లేకుండా నేరుగా డిస్క్ మీద ఫైల్‌లోంచి చదివి రాసే డేటాబేస్ ఉంటే ఈ గొడవే ఉండదు కదా అన్న ఆలోచనలోంచి ఎస్‌క్యూలైట్ వచ్చింది.

మన ఎర్రర్‌కి మూలం కూడా ఇక్కడే ఉంది. పెద్ద డేటాబేస్‌లలో మధ్యలో ఒక సర్వర్ కూర్చుని, వచ్చినవాళ్ళని వరుసలో పెట్టి పని చేయిస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో ఆ పెద్దమనిషి లేడు. ప్రతి ప్రోగ్రామూ నేరుగా ఫైల్ దగ్గరికే వస్తుంది. మరి గొడవ పడకుండా చూసేదెవరు? ఫైల్ మీద వేసే తాళమే.

కొత్తపట్నంలో ఒక రొయ్యల కాటా దగ్గర

మాది కొత్తపట్నం. ఒంగోలు పక్కన సముద్రం ఒడ్డున ఉంటుంది. లోపలికి వెళ్తే మిర్చి, పత్తి చేలు. మా వైపు మాత్రం వనామీ రొయ్యల చెరువులు ఎక్కువ. మా బావ ఒకతను ఇక్కడ రొయ్యలు కొనే పాయింట్ నడుపుతున్నాడు. నేను గ్యాడ్జెట్‌ల గురించి రాస్తానని తెలుసు కాబట్టి ఫోన్ చేశాడు.

"బావా, ఈ డబ్బా ముసలిదైపోయింది. మంచి మినీ పీసీ ఏదన్నా చెప్పు, ఒంగోలు పోయి తెచ్చుకుంటా."

వెళ్ళి చూశాను. ఒక మినీ పీసీ, లినక్స్ మీద నడుస్తోంది. లోపల ఎస్‌ఎస్‌డీ ఉంది. ర్యామ్ సగం ఖాళీగా ఉంది. ప్రాసెసర్ మీద బరువే లేదు. దాని మీద మూడు ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయి. మొదటిది కాటా నుంచి బరువు తీసుకుని ఒక్కో ట్రేకి ఒక్కో లైను రాస్తుంది. రెండోది బిల్లింగ్, ట్రేలన్నీ కూడి, కౌంట్‌ని బట్టి రేటు వేసి, స్లిప్ ప్రింట్ చేస్తుంది. మూడోది రైతు ఫోన్‌కి మెసేజ్ పంపించి, 'పంపాం' అని గుర్తు పెడుతుంది. మూడూ రాసేది ఒకే ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో. ఇవి కాక బావ చేతిలో ఒక ట్యాబ్, అందులో ఆ రోజు మొత్తం ఎంతయిందో చూపించే పేజీ.

మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. పట్టుబడి ఉన్న రోజు తెల్లవారుజామున నాలుగైదు బండ్లు ఒకేసారి వస్తే మాత్రం ఎర్రర్లు వరసగా వచ్చేవి. కూర్రాళ్ళు ఓకే నొక్కుతూ పోయేవాళ్ళు.

అసలు సమస్య ఎర్రర్ కాదని నాకు అక్కడే అర్థమైంది. అంతకుముందు వారం ఒక రైతు, పెద్దాయన, చేతిలో చిన్న నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడట. ట్రే దిగిన ప్రతిసారీ ఒక గీత గీసుకుంటాడాయన.

"నా పుస్తకంలో మూడు గీతలు ఎక్కువున్నాయి అబ్బాయ్. కంప్యూటర్ చెప్పిందే నిజమా?"

బావ దగ్గర దానికి సమాధానం లేదు. స్లిప్ మీద ఉన్నదాని ప్రకారమే డబ్బు లెక్కకట్టారు. ఆయన ఊరుకోలేదు, గొడవా పెట్టుకోలేదు. మూడు గీతల కింద తేదీ వేసుకుని వెళ్ళిపోయాడు.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు తూచే చోటైనా, పత్తి జిన్నింగ్ మిల్లులో బండ్లు తూచే చోటైనా ఇలాంటి ఏర్పాటే ఉంటే ఇదే ప్రశ్న వస్తుంది. అందుకే ఈ ఎర్రర్‌ని చిరాకు పెట్టే మెసేజ్‌లా చూడొద్దని నేను చెప్పేది. రాయలేకపోయిన ప్రతి లైను వెనకా ఎవరిదో ఒకరి సొమ్ము ఉంటుంది.

తాళం ఎలా పనిచేస్తుంది

పాతకాలం కొట్లో ఒకే ఆవర్జా పుస్తకం ఉందనుకోండి. ఎంతమందైనా చుట్టూ నిలబడి చదవొచ్చు. రాసేది మాత్రం ఒక్కరే. ఎస్‌క్యూలైట్ పద్ధతి సరిగ్గా ఇదే. ఇందులో ఐదు దశలుంటాయి.

మొదటిది అన్‌లాక్డ్: ఎవరూ ముట్టుకోలేదు. రెండోది షేర్డ్: చదువుతున్నారు. ఇది ఒకేసారి ఎంతమందికైనా ఉండొచ్చు. మూడోది రిజర్వ్డ్: "నేను రాయబోతున్నా" అని ఒకరు చెప్పి పెట్టుకోవడం. ఇది ఒక్కరికే దొరుకుతుంది. మిగతావాళ్ళు చదువుకోవచ్చు కానీ రాయడానికి రాకూడదు. నాలుగోది పెండింగ్: కొత్తగా చదివేవాళ్ళని ఆపి, లోపల ఉన్నవాళ్ళు బయటికి వచ్చేదాకా ఆగడం. ఐదోది ఎక్స్‌క్లూజివ్: ఒక్కరే లోపల ఉండి ఫైల్‌లో రాసేయడం.

మీ వంతు కానప్పుడు రాయబోతే ఎస్‌క్యూలైట్ 5వ నంబర్ కోడ్ ఇస్తుంది. దాని పేరు బిజీ. స్క్రీన్ మీద కనిపించే 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అదే. 6వ నంబర్ కోడ్ ఇంకొకటుంది, 'డేటాబేస్ టేబుల్ ఈజ్ లాక్డ్' అంటుంది. ఒక్క మాటే తేడా కానీ అర్థం వేరు. 5 అంటే బయట ఇంకొకరు అడ్డున్నారు. 6 అంటే దాదాపుగా మీ ప్రోగ్రామ్ తనకి తానే అడ్డుపడుతోంది. వెతకడం మొదలుపెట్టే ముందు ఏ కోడ్ వచ్చిందో చూసుకోండి. సగం పని అక్కడే తేలిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. తాళం పడి ఉంటే ఎంతసేపు ఆగాలో మనం చెప్పకపోతే, ఎస్‌క్యూలైట్ ఆగే టైమ్ సున్నా. అంటే ఒక్క క్షణం కూడా చూడకుండా ఎర్రర్ ఇచ్చి వెనక్కి పంపిస్తుంది. భాషని బట్టి ఇది మారుతుంది. పైథాన్‌తో వచ్చే లైబ్రరీ మామూలుగా 5 సెకన్లు ఆగుతుంది. ఆండ్రాయిడ్ రెండున్నర సెకన్లు ఆగుతుంది. అందుకే ఒకే ఫైల్ మీద పనిచేసే రెండు ప్రోగ్రామ్‌లలో ఒకదానికి ఎర్రర్ వచ్చి, ఇంకోదానికి రాకపోవచ్చు. ఓపిక లేనిది అరుస్తుంది. తప్పు చేసినది అదే కావాలని లేదు.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఎర్రర్ ఎవరికి వచ్చిందో వాళ్ళ కోడ్‌ని తిరగేయడం మొదలుపెడితే టైమ్ వేస్ట్. మేము మూడు పనులు చేశాం.

ముందుగా, ఆ ఫైల్‌ని ఎవరెవరు తెరిచారో చూశాం. లినక్స్‌లో ఫ్యూజర్, ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్లు ఆ లిస్ట్ ఇస్తాయి. విండోస్‌లో అయితే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ టూల్‌లో ఫైల్ పేరుతో వెతకొచ్చు. చాలాచోట్ల మీకు తెలియని నాలుగోవాడు ఇక్కడే దొరుకుతాడు: ఎప్పుడో తెరిచి మూసేయడం మర్చిపోయిన డేటాబేస్ వ్యూయర్, నిన్న ఆగిపోయాడనుకున్న పాత ప్రాసెస్. విండోస్‌లో యాంటీవైరస్ కూడా.

రెండోది, మూడు ప్రోగ్రామ్‌లలోనూ ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్, ముగిసిన టైమ్ లాగ్ ఫైల్‌లో రాసేలా చేశాం. రెండేసి లైన్ల కోడ్, అంతే.

మూడోది, తర్వాతి పట్టుబడి రోజు దాకా ఆగాం. ఖాళీ సమయంలో టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉంటుంది. బండ్లు వరసగా ఉన్నప్పుడే బండారం బయటపడుతుంది.

ఆ రోజు లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసింది. కాటా ప్రోగ్రామ్ ఒక్కో ట్రేకి తాళం పట్టుకునేది రెప్పపాటు కాలం. బిల్లింగ్ కూడా అంతే. మెసేజ్ ప్రోగ్రామ్ మాత్రం కొన్నిసార్లు ఎనిమిది, పది సెకన్లు పట్టుకుంటోంది.

ఎందుకంటే, అది ముందు డేటాబేస్‌లో 'పంపుతున్నాం' అని రాస్తోంది. తర్వాత ఇంటర్నెట్‌లో మెసేజ్ పంపి జవాబు కోసం చూస్తోంది. జవాబు వచ్చాక 'పంపాం' అని రాసి, అప్పుడు కమిట్ చేస్తోంది. పైథాన్ లైబ్రరీ మామూలు పద్ధతిలో మొదటి అప్‌డేట్ దగ్గరే మనం చెప్పకుండానే ట్రాన్సాక్షన్ తెరిచేస్తుంది. కమిట్ దాకా అది మూసుకోదు. అంటే నెట్ ఎంత నెమ్మదిగా ఉంటే తాళం అంతసేపు పడి ఉంటుందన్నమాట. చెరువుల మధ్య సిగ్నల్ ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ ఎనిమిది సెకన్లలో కాటా మీదికి ట్రే వస్తే ఏమవుతుంది? కాటా ప్రోగ్రామ్‌కి ఆగే టైమ్ పెట్టలేదు కాబట్టి సున్నా. వెంటనే ఎర్రర్. ఆ ఎర్రర్‌ని లాగ్‌లో రాసి, తర్వాతి ట్రేకి వెళ్ళిపోతోంది. మళ్ళీ ప్రయత్నించట్లేదు. స్క్రీన్ మీద బరువు కనిపిస్తుంది, డేటాబేస్‌లో మాత్రం ఉండదు.

పెద్దాయన వచ్చిన రోజు లాగ్ తీశాం. ఆయన బండి తూచిన టైమ్‌లో మూడు ఎర్రర్ లైన్లున్నాయి. అదృష్టం ఏమిటంటే, రాయలేకపోయిన బరువు కూడా ఆ లైన్లోనే ఉంది. మూడు ట్రేలు, మూడు గీతలు. బావ అదే రోజు ఫోన్ చేసి తేడా డబ్బులు ఇచ్చేశాడు. తర్వాత కూర్చుని పాత లాగ్‌లన్నీ తిరగేసి, ఇంకా ఎవరెవరికి తగ్గిందో లిస్ట్ రాసుకున్నాడు. గీతలు గీసుకోని వాళ్ళు కూడా అందులో ఉన్నారు.

సరిచేసే వరుస

కింద చెప్పిన వరుసలోనే చేయండి. చాలామంది నాలుగోదాన్ని ముందు చేసేసి, మిగతావి వదిలేస్తారు.

ఒకటి: ఆగే టైమ్ పెట్టండి. బిజీ టైమౌట్ అనే సెట్టింగ్ ఉంటుంది. విలువ మిల్లీసెకన్లలో ఇవ్వాలి. 5000 అంటే 5 సెకన్లు. ఇది ఫైల్‌లో సేవ్ అవ్వదు. ప్రతి ప్రోగ్రామ్, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ పెట్టాలి. ఒకదాంట్లో పెట్టి మిగతావాటిలో మర్చిపోతే ఫలితం ఉండదు. కానీ ఇది నొప్పి తగ్గించే మాత్ర మాత్రమే. దీన్ని నిమిషానికి పెంచేస్తే ఎర్రర్ పోతుంది. దాని బదులు స్క్రీన్ నిమిషం సేపు బిగుసుకుపోతుంది.

రెండు: ట్రాన్సాక్షన్ చిన్నగా ఉంచండి. అసలు మందు ఇదే. తాళం చేతిలో ఉండగా ఇంటర్నెట్ కోసం, ప్రింటర్ కోసం, బ్లూటూత్ కోసం, మనిషి బటన్ నొక్కడం కోసం ఎప్పుడూ ఆగకూడదు. మెసేజ్ ప్రోగ్రామ్‌ని ఇలా మార్చాం: 'పంపుతున్నాం' అని రాసి వెంటనే కమిట్. తాళం వదిలేసి మెసేజ్ పంపడం. జవాబు వచ్చాక మళ్ళీ చిన్న ట్రాన్సాక్షన్‌లో 'పంపాం' అని రాయడం. మధ్యలో కరెంటు పోతే 'పంపుతున్నాం' దగ్గర ఆగిపోయినవి ఉంటాయి కాబట్టి, ప్రోగ్రామ్ మళ్ళీ లేచాక వాటిని చూసుకునే ఏర్పాటు కూడా పెట్టాలి.

మూడు: రాయబోతున్నామని ముందే చెప్పండి. టైమౌట్ పది సెకన్లు పెట్టినా ఎర్రర్ వెంటనే వచ్చేస్తోందా? కారణం దాదాపుగా ఇదే అయ్యుంటుంది. ప్రోగ్రామ్ ముందు చదివి, అదే ట్రాన్సాక్షన్‌లో తర్వాత రాస్తుంది. ఇద్దరు ఇలాగే చదువుతూ ఉండి, ఇద్దరూ రాయాలనుకుంటే, "నువ్వు బయటికి పో, నేను రాస్తా" అని ఒకరికోసం ఒకరు ఎప్పటికీ ఆగిపోవాల్సి వస్తుంది. ఆ ప్రమాదం చూసి ఎస్‌క్యూలైట్ ఒకరిని ఆగనివ్వకుండా వెంటనే వెనక్కి పంపేస్తుంది. రాసే పని ఉందని తెలిసినప్పుడు మామూలు బిగిన్ బదులు 'బిగిన్ ఇమ్మీడియట్' వాడండి. గుమ్మం దగ్గరే వరుసలో నిలబడతారు, లోపలికి వెళ్ళాక కొట్లాట ఉండదు. మా బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో మార్చింది ఈ ఒక్క మాటే.

నాలుగు: వాల్ మోడ్‌కి మారండి. రైట్ అహెడ్ లాగ్ అనే పద్ధతికి పొట్టి పేరు ఇది. 2010లో 3.7.0 వెర్షన్‌తో వచ్చింది. మన చిట్టా, ఆవర్జా లెక్కలు తెలిసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. వచ్చిన ప్రతి పద్దూ ముందు చిట్టాలో పడుతుంది. వీలు చూసుకుని ఆవర్జాలోకి ఎక్కిస్తారు. వాల్ మోడ్‌లో కూడా కొత్తగా రాసేవి పక్కన ఇంకో ఫైల్‌లో చేరతాయి. మామూలుగా అది 1000 పేజీలకి చేరినప్పుడు అసలు ఫైల్‌లోకి ఎక్కిస్తుంది. లాభం ఏమిటంటే, చదివేవాళ్ళు రాసేవాళ్ళకి అడ్డుపడరు, రాసేవాళ్ళు చదివేవాళ్ళకి అడ్డుపడరు. బావ ట్యాబ్‌లో మొత్తం చూసుకుంటూ ఉన్నా కాటా పని ఆగదు. ఒకసారి పెడితే ఆ సెట్టింగ్ ఫైల్‌లోనే ఉండిపోతుంది.

కానీ గుర్తుంచుకోండి: వాల్ మోడ్‌లో కూడా ఒకేసారి రాసేది ఒక్కరే. పాత మెసేజ్ ప్రోగ్రామ్‌ని మార్చకుండా వాల్ మాత్రమే పెట్టి ఉంటే, ఆ మూడు ట్రేలు మళ్ళీ పోయేవే.

ఐదు: ఎర్రర్ వస్తే లైను పారేయొద్దు. టైమౌట్ తర్వాత కూడా బిజీ వస్తే కాసేపు ఆగి మళ్ళీ రాయాలి. అప్పటికీ కాకపోతే కాటా దగ్గర పెద్ద అక్షరాలతో 'ఈ ట్రే లెక్కలో పడలేదు' అని కనిపించాలి. మేము ఇంకొకటి కూడా పెట్టాం: ట్రే లెక్కలో పడ్డాకే బీప్ సౌండ్ వస్తుంది. బీప్ రాకపోతే కూర్రాడు తర్వాతి ట్రే పెట్టడు. రైతు కూడా ఆ బీప్ వింటాడు.

ఈ ఐదూ చేశాక వచ్చిన పట్టుబడిలో లాగ్‌లో ఒక్క బిజీ కూడా లేదు. బాక్స్ పాతదే. ఖర్చు లేదు.

కరెంటు పోయే ఊళ్ళకి ఒక మాట

ఇంటర్నెట్‌లో వెతికితే 'సింక్రనస్ సెట్టింగ్‌ని నార్మల్‌లో పెట్టండి, స్పీడ్ పెరుగుతుంది' అన్న సలహా దొరుకుతుంది. వాల్ మోడ్‌లో అలా పెడితే డేటాబేస్ ఫైల్ పాడవదు, నిజమే. కానీ సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే చివరి కొన్ని పద్దులు మాయమవ్వొచ్చు. ఫోన్‌లో గేమ్ స్కోర్‌కి అది ఫర్వాలేదు. కాటా లెక్కకి కాదు. మేము ఫుల్‌లోనే ఉంచాం. రోజుకి కొన్ని వందల ట్రేలు తూచే చోట ఆ స్పీడ్ తేడా ఎవరికీ తెలియదు కూడా.

ఇవి మాత్రం చేయొద్దు

డేటాబేస్ పక్కన 'జర్నల్', 'వాల్', 'ఎస్‌హెచ్‌ఎం' అని చివర్లో ఉండే ఫైల్స్ కనిపిస్తాయి. 'లాక్ పోవాలంటే వీటిని డిలీట్ చేయండి' అని ఎవరన్నా చెబితే వినొద్దు. కరెంటు పోయాక డేటాబేస్‌ని మళ్ళీ సరిచేసుకోవడానికి కావాల్సిన సమాచారం వాటిలోనే ఉంటుంది. చిట్టా చింపేసి ఆవర్జా సరిపోతుందా? ఇదీ అంతే. ఫోన్‌లో స్పేస్ మిగులుతుందని క్లీనర్ యాప్‌లతో ఇలాంటివి తుడిచేయడం కూడా ప్రమాదమే.

డేటాబేస్ ఫైల్‌ని నెట్‌వర్క్ షేర్‌లో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి రాయించొద్దు. నెట్‌వర్క్ డ్రైవ్‌లలో ఫైల్ తాళాలు చాలాసార్లు సరిగ్గా పనిచేయవు. వాల్ మోడ్ అయితే అసలు ఒకే మెషీన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ల కోసమే చేసింది. క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టడం కూడా ఇలాంటి తప్పే.

నడుస్తున్న డేటాబేస్‌ని మామూలు కాపీ పేస్ట్‌తో బ్యాకప్ తీయొద్దు. లినక్స్‌లో కాపీ కమాండ్ ఈ తాళాలని చూడదు. సగం రాస్తుండగా కాపీ అయిపోతే, ఆ బ్యాకప్ అవసరం పడిన రోజు తెరుచుకోదు. ఎస్‌క్యూలైట్‌లోనే బ్యాకప్ సౌకర్యం ఉంది. 2019లో 3.27.0 వెర్షన్‌తో 'వాక్యూమ్ ఇంటూ' అనే కమాండ్ కూడా వచ్చింది. అది నడుస్తున్న డేటాబేస్ నుంచే శుభ్రమైన కాపీ తీసి పెడుతుంది.

ఫోన్ యాప్‌లలో ఇదే కథ

ఇంతవరకూ మినీ పీసీ గురించి చెప్పాను కానీ ఫోన్‌లో కూడా సూత్రం ఒకటే. ఒకే యాప్‌లో స్క్రీన్ ఒకవైపు రాస్తుంటుంది, వెనకాల సింక్ సర్వీస్ ఇంకోవైపు రాస్తుంటుంది. ఇద్దరూ విడివిడిగా డేటాబేస్ తెరిస్తే తాళం కోసం పోటీయే. యాప్ రాసేవాళ్ళు యాప్ మొత్తానికి ఒకే డేటాబేస్ ఆబ్జెక్ట్ ఉంచుకుంటే సగం గొడవ తగ్గుతుంది. రూమ్ లైబ్రరీ వాడితే, ర్యామ్ మరీ తక్కువున్న ఫోన్లలో తప్ప, వాల్ మోడ్‌ని తనే ఎంచుకుంటుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9లో, రూమ్ లేకుండా నేరుగా ఎస్‌క్యూలైట్ వాడే యాప్‌లకి కూడా వాల్‌లోనే ఒక సర్దుబాటు రకం మామూలుగా ఆన్ అయి ఉండేది. అందులో ఒక్కో డేటాబేస్‌కి ఒకే కనెక్షన్ ఉండేది. సర్వీస్‌ని వేరే ప్రాసెస్‌లో నడపాల్సి వస్తే, రెండు ప్రాసెస్‌లూ ఫైల్‌ని ముట్టుకోకుండా కంటెంట్ ప్రొవైడర్ ద్వారా ఒకే గుమ్మం నుంచి పంపడం మంచిది.

ఐఫోన్‌లో యాపిల్ ఇంకా కఠినం. యాప్ వెనక్కి వెళ్ళి నిద్రపోయే సమయంలో ఎస్‌క్యూలైట్ తాళం పట్టుకునే ఉంటే, సిస్టం ఆ యాప్‌ని చంపేస్తుంది. క్రాష్ రిపోర్ట్‌లో దానికి ఒక కోడ్ ఉంటుంది. అంకెలు, అక్షరాలు కలిపి ఇంగ్లిష్‌లో చదివితే 'డెడ్ లాక్' అని వినిపించేలా పెట్టారు. విడ్జెట్‌తో ఒకే డేటాబేస్ పంచుకునే యాప్‌లలో ఈ కోడ్ కనిపిస్తే, వెతకాల్సింది మళ్ళీ అదే: తాళం వదలకుండా ఎవరు నిద్రపోయారు?

యాప్ వాడేవాళ్ళు చేయగలిగేది కొంచెమే, కానీ అది చేయండి. ఎర్రర్ వచ్చిన వెంటనే అదే బటన్‌ని పదిసార్లు నొక్కొద్దు. కొన్ని సెకన్లు ఆగి, ఎంట్రీ పడిందో లేదో లిస్ట్‌లో చూసుకుని అప్పుడు మళ్ళీ కొట్టండి. తగ్గకపోతే యాప్ మూసి తెరవండి, అప్‌డేట్ ఉంటే వేసుకోండి. యాప్ డేటా క్లియర్ చేసేముందు మాత్రం బ్యాకప్ ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. డెవలపర్‌కి కంప్లైంట్ పంపితే ఎర్రర్ వచ్చిన టైమ్, అప్పుడు వెనకాల ఏం నడుస్తోందో రాయండి. 'యాప్ పనిచేయట్లేదు' అన్న మాట కంటే ఆ టైమ్ వాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.

మరి ఎప్పుడు కొనాలి?

రెండు సందర్భాల్లో డబ్బు ఖర్చు పెట్టొచ్చు. ఒకటి, డేటాబేస్ మెమరీ కార్డ్ మీద గానీ పాత హార్డ్ డిస్క్ మీద గానీ ఉంటే. ప్రతి కమిట్‌కీ డేటా నిజంగా డిస్క్ మీద పడిందని తేలేదాకా ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. స్టోరేజ్ నెమ్మదైతే తాళం కూడా అంతసేపు పడి ఉంటుంది. ఇక్కడ ఎస్‌ఎస్‌డీ పెడితే తేడా కనిపిస్తుంది. ర్యామ్ కాదు, ప్రాసెసర్ కాదు, స్టోరేజ్.

రెండోది, రెండు మూడు కంప్యూటర్ల నుంచి ఒకే లెక్కలో రాయాల్సి వస్తే, లేదా ట్రాన్సాక్షన్లు చిన్నవైనా రాసేవాళ్ళు మరీ ఎక్కువైపోతే. అప్పుడు పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి సర్వర్ డేటాబేస్‌కి మారాల్సిందే. అవి ఫైల్ మొత్తానికి కాకుండా ఒక్కో వరుసకి తాళం వేయగలవు, కాబట్టి వేర్వేరు రైతుల పద్దులు ఒకేసారి రాయొచ్చు. అక్కడ కూడా తాళం పట్టుకుని ఇంటర్నెట్ కోసం ఆగే ప్రోగ్రామ్ ఉంటే ఇవే ఇబ్బందులు ఇంకో పేరుతో వస్తాయి. సామాను మారినా అలవాటు మారకపోతే లాభం లేదు.

నా సలహా సూటిగా చెప్పాలంటే: ముందు ఒక పట్టుబడి రోజు లాగ్ తీయండి. ట్రాన్సాక్షన్ ఒక సెకను దాటి నడిపే ప్రోగ్రామ్ ఏదో చూడండి. దాన్ని సరిచేశాక కూడా ఎర్రర్లు వస్తుంటే అప్పుడు కొత్త బాక్స్ గురించి మాట్లాడుకుందాం. ఇంకొకటి, ఇది కాటా పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ: ఈ వారమే మీ పాత లాగ్‌లు తెరిచి 'లాక్డ్' అన్న మాట కోసం వెతకండి. అక్కడ దొరికే ప్రతి లైనూ ఎవరికో ఇవ్వాల్సిన బాకీ అయ్యుండొచ్చు.